వెన్ను చూపినవాళ్ల వైపు నుంచి

13వ శతాబ్దపు నెల్లూరు సీమలో ఒకే వంశంలో ఇద్దరు తిక్కనలు ఉన్నారు. అన్నదమ్ముల బిడ్డలు. సిద్ధనామాత్యుడి కొడుకు కత్తి పట్టి ఖడ్గతిక్కన అయ్యాడు. కొమ్మనామాత్యుడి కొడుకు గంటం పట్టి కవి తిక్కన అయ్యాడు. ఇద్దరూ రాజు మనుమసిద్ధి కొలువులోని వాళ్లే. పారిపోవడం గురించీ పోరాడడం గురించీ తెలుగులో ఎవరు ఆలోచించినా ఈ ఇంటి గడప తొక్కక తప్పదు. యుద్ధభూమి నుంచి వెనక్కి వచ్చినందుకు అయినవాళ్ల చేత మాట పడ్డ యోధుడు ఇక్కడివాడు. యుద్ధాన్ని చూసి పరుగు తీసిన రాకుమారుణ్ణి తెలుగువాళ్లకు మరపురాకుండా చేసిన కవీ ఇక్కడివాడే.

ఖడ్గతిక్కన కథ చాటువుల రూపంలో మన దాకా వచ్చింది. కాటమరాజు మందతో జరిగిన పోరులో తన బలగం దెబ్బతిని అతను ఇల్లు చేరాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్లు తోడి, మంచాన్ని చాటుగా నిలబెట్టి, పక్కన పసుపు ముద్ద పెట్టింది. ఆడవాళ్లకు చేసే ఏర్పాటు అది. తల్లి ప్రోలమ్మ భోజనంలో విరిగిన పాలు వడ్డించింది. ఇద్దరూ గొంతు పెంచలేదు, పొమ్మనలేదు. అతను అర్థం చేసుకుని తిరిగి వెళ్లి, పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర ప్రాణం విడిచాడు. శాసనం చెప్పే సంగతి కాదిది, జనం నోట నిలిచిన మాట. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిందంటే జనానికి అందులో ఏదో కావలసింది ఉంది.

ఈ కథ చెప్పేటప్పుడు మన పండితులు చానమ్మను వీరపత్ని అనీ ప్రోలమ్మను వీరమాత అనీ మెచ్చుకుంటారు. నాకు ఆ మెచ్చుకోలు దగ్గర మనసు ఆగిపోతుంది. ఆడదానిగా ఉండడమే అవమానం అన్న భావాన్ని ఇద్దరు ఆడవాళ్ల చేతుల మీదుగానే నడిపించిన కథ ఇది. ఓడిన మనిషికి ఇంట్లో అన్నం దొరకదు, నీళ్లూ సరిగా దొరకవు, చావు ఒక్కటే దారి అని తేల్చిన కథ కూడా. దెబ్బతిన్న సేనాని వెనక్కి వచ్చి బలగం కూడదీసుకోవడం యుద్ధనీతిలో తప్పేమీ కాదు. ఆ వెసులుబాటు అతనికి ఇవ్వలేదు. అతను తిరిగి వెళ్లినందువల్ల మనుమసిద్ధికి ఏం ఒరిగిందని అడిగితే, చాటువులు ఆ సంగతే ఎత్తవు.

అసలు ఆ పోరు ఎందుకు వచ్చింది? ఇక్కడే పడమటి నెల్లూరు మెట్ట కథలోకి వస్తుంది. కాటమరాజు యాదవ నాయకుడు, కనిగిరి ప్రాంతపు ఎర్రగడ్డపాడు వాడని కథ. కరువు వచ్చింది. మేత లేదు, నీళ్లు లేవు. వేల పశువులతో మంద దక్షిణానికి, మనుమసిద్ధి ఏలుబడిలోని బీళ్లకు దిగింది. అంటే అందరికంటే ముందు పారిపోయి వచ్చినవాళ్లు గొల్లలు, కరువు నుంచి పారిపోయి వచ్చారు. మేపుకున్నందుకు పుల్లరిగా కోడెదూడలు ఇస్తామని ఒప్పందం జరిగింది. తర్వాత రాజు ఉంపుడుగత్తె కుందమాదేవి చిలుక చచ్చిందనీ, గొల్లల ఆవులు చంపారనీ తగాదా ముదిరింది. పుల్లరి కట్టాలన్నారు వాళ్లు, కట్టబోమన్నారు వీళ్లు. కరువు తరిమితే పొరుగు సీమకు వచ్చినవాళ్లు అక్కడ మళ్లీ తరిమితే ఎక్కడికి పోతారు? నిలబడ్డారు. వాళ్ల పోరు వాళ్ల పరుగు చివర పుట్టింది.

ఈ పక్షపు కథను కొమ్ము ఊది కథ చెప్పే కొమ్ములవాళ్లు కాటమరాజు కథగా పాడారు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఊరూరా సేకరించి కాటమరాజు కథలను అచ్చులోకి తెచ్చారు. చాటువుల్లో ఖడ్గతిక్కన ఒక్కడే మనకు కనిపిస్తాడు. కొమ్ము కథలో పశువులు, కాపరులు, ఆడవాళ్లు, శకునాలు, మొక్కులు, మంద మొత్తం కదులుతుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవడం మన పాఠ్యపుస్తకాలు ఎప్పుడో నేర్పవలసింది. గెలుపు ఓటముల లెక్క ఎవరు రాస్తున్నారన్న దాన్ని బట్టి మారుతుందని ఈ ఒక్క యుద్ధంతోనే పిల్లలకు తెలిసేది.

ఇక కవి తిక్కన. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆపిన భారతాన్ని ఆయన అందుకున్నది ఆగిన చోటి నుంచి కాదు, విరాటపర్వం నుంచి. ఆయన చేపట్టిన 15 పర్వాల్లో మొదటిది దాక్కున్నవాళ్ల కథ. మహావీరులు ఐదుగురూ పేరు మార్చుకుని, వేషం మార్చుకుని, ఒకరు వంటవాడై, ఒకరు ఆట నేర్పే బృహన్నలయై ఏడాది పాటు బతుకుతారు. ద్రౌపది సైరంధ్రిగా పరాయి రాణికి తల దువ్వుతుంది. కీచకుడు వెంటబడితే పరుగెత్తి సభలోకి వస్తుంది. అక్కడ న్యాయం దొరకదు. భర్తలు చూస్తూ ఊరుకుంటారు, ఊరుకోకపోతే అజ్ఞాతవాసం చెడుతుంది. అప్పుడు ఆమె రాత్రివేళ వంటింటికి వెళ్లి భీముణ్ణి లేపుతుంది. ఆమె పరుగుకూ కీచకుడి చావుకూ మధ్య ఉన్న దూరం ఆ ఒక్క నిర్ణయమే. విరాటపర్వం తెలుగువాళ్లకు అంత ప్రీతి కావడానికి ఒక కారణం, వానల కోసం దాన్ని చదివించే ఆచారం ఉంది. మరొక కారణం ఇదనుకుంటాను: తలదాచుకోవడంలో పరువు పోదని ఆ పర్వం ధైర్యం చెబుతుంది.

ఆ పర్వంలోనే గోగ్రహణం ఉంది. ఉత్తరుడు అంతఃపురంలో గొప్పలు చెప్పి, కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగు తీస్తాడు. జడ, చీర ఎగురుతుండగా బృహన్నల వేషంలోని అర్జునుడు వెంటబడి పట్టుకుంటాడు. ఇప్పటికీ మాటలు ఎక్కువై చేతలు తక్కువైనవాణ్ణి ఉత్తరకుమారుడంటాం. అయితే మనం మరిచిపోయే భాగం ఒకటుంది. పట్టుకున్న తర్వాత అర్జునుడు అతన్ని అవమానించలేదు. భయం పోగొట్టాడు. జమ్మిచెట్టు ఎక్కించి ఆయుధాలు దింపించాడు, తానెవరో చెప్పాడు, పగ్గాలు చేతికిచ్చాడు. యుద్ధమంతా ఆ పిల్లవాడే రథం నడిపాడు. పారిపోయినవాడు పక్కన ఒక మనిషి నిలబడగానే నిలబడ్డాడు. ఈ ఉత్తరుడే కురుక్షేత్రంలో మొదటి రోజు పోరాడుతూ శల్యుడి చేతిలో మరణించాడు. ఆ సంగతి ఏ సామెతలోకీ ఎక్కలేదు.

ఆవుల మంద కోసం జరిగిన పోరు ఒకటి ఇంట్లో చావు తెచ్చింది. ఆవుల మంద కోసం జరిగిన మరొక పోరును కవి కావ్యంలో రాశాడు. ఏది ముందు, ఏది తర్వాత అన్న తేదీల లెక్క జోలికి నేను పోను. ఒక తేడా మాత్రం కళ్లముందు ఉంది. ఖడ్గతిక్కనకు దొరికింది పసుపు ముద్ద. ఉత్తరుడికి దొరికింది సారథ్యం.

తిక్కన భారతంలో వెన్ను చూపినవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు చిన్నవాళ్లు కారు. కర్ణపర్వంలో కర్ణుడి బాణాలకు తాళలేక ధర్మరాజు శిబిరానికి తిరిగి వస్తాడు. చూడవచ్చిన అర్జునుణ్ణి గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని నిందిస్తాడు. అర్జునుడు అన్న మీద కత్తి దూస్తాడు, కృష్ణుడు అడ్డుపడతాడు. పారిపోయి వచ్చిన మనిషి తన సిగ్గును ఎదుటివాడి మీదికి ఎలా తోస్తాడో చెప్పడానికి ఇంతకంటే మంచి ఘట్టం నాకు తెలియదు. శల్యపర్వంలో, సైన్యమంతా పోయాక దుర్యోధనుడు ద్వైపాయన మడుగులో దాక్కుంటాడు. అలసిపోయాను, కాసేపు సేదతీరాలి అన్నది అతని మాట. ఎత్తిపొడుపులతో పాండవులు అతన్ని నీళ్లలోంచి పైకి రప్పిస్తారు. మాట పడలేక బయటికి వచ్చి చనిపోతాడు. ఖడ్గతిక్కనను చంపిన ఆయుధం ఇక్కడా అదే. యుద్ధం చెయ్యనని విల్లు కింద పెట్టిన అర్జునుడికి జరిగిన బోధను మాత్రం తిక్కన బాగా కుదించేశాడు. వాదన కంటే మనుషుల నడవడి మీద ఆయనకు గురి ఎక్కువ.

కవి కూడా ఒకసారి ప్రయాణం కట్టాడు. మనుమసిద్ధిని అక్కన, బయ్యనలు గద్దె దింపితే, తిక్కన ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుణ్ణి మెప్పించి సైన్యం తెచ్చాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. రాజ్యం పోయిన రాజు తరఫున సాయం అడగడానికి పోవడం నిలబడటమా, వెనక్కి తగ్గడమా? మనుమసిద్ధికి గద్దె తిరిగి దక్కింది.

కృష్ణుడి సంగతి ఇంకా స్పష్టం. జరాసంధుడు మీదికి వస్తూనే ఉంటే మథుర వదిలి ద్వారక చేరాడు. కాలయవనుడి ముందు పరుగెత్తి, ముచికుందుడు నిద్రపోతున్న గుహలోకి అతన్ని లాక్కుపోయాడు. గుజరాత్‌లోని డాకోర్‌లో రణం విడిచినవాడన్న పేరుతోనే ఆయనకు పూజలు జరుగుతాయి. పోతన భాగవతం చదివిన తెలుగువాళ్లెవరూ కృష్ణుణ్ణి పిరికివాడనలేదు. దేవుడు పరుగెత్తితే లీల. గొల్లవాడు పరుగెత్తితే మాత్రం ఓటమి.

ఈ తూకం మనకు మాత్రమే చెందింది కాదు. హోమర్ కావ్యంలో ట్రాయ్ వీరుడు హెక్టర్ అకిలీస్‌ను చూసి కోట చుట్టూ మూడుసార్లు పరుగెత్తాడు, ఆ తర్వాతే నిలబడి చనిపోయాడు. గ్రీకులు అతన్ని అందువల్ల తక్కువ చేసి చూడలేదు. స్పార్టా తల్లులు డాలుతో రా, లేదా డాలు మీద రా అని కొడుకుల్ని పంపేవారని ప్లూటార్క్ రాశాడు. అదే గ్రీసులో ఆర్కిలోకస్ అనే కవి డాలు పారేసి ప్రాణం కాపాడుకున్నానని, డాలు ఇంకొకటి కొనుక్కుంటానని పాట కట్టాడు. ప్రోలమ్మలాంటి తల్లులు అక్కడా ఉన్నారు. ఆర్కిలోకస్ లాంటి కవి మాత్రం మనకు పాత సాహిత్యంలో దొరకడు. అయితే సామెతల్లో ఉన్నాడు. బతికుంటే బలుసాకు తినొచ్చు అన్నది ఆ గొంతే. ఉదయగిరి చుట్టుపక్కల మెట్టల్లో బలుసు కంపకు కొదవ లేదు. కరువు నాడు ఆ ఆకు తిని బతికినవాళ్లు అన్న మాట అది. పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నదీ ఈ జనమే. రెండు సామెతలూ ఒకే నోట వస్తాయి, ఏది ఎప్పుడనాలో అవ్వలకు తెలుసు.

ఒంటికి కూడా పోరుకూ పరుగుకూ మధ్య తేడా తెలియదు. హార్వర్డ్‌లో వాల్టర్ కానన్ 1915లో అచ్చువేసిన పుస్తకంలో చెప్పింది ఇదే. ఆపద కనబడగానే మూత్రపిండాల మీద ఉండే గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, నెత్తురు కాళ్లూ చేతుల కండరాలకు మళ్లుతుంది, జీర్ణం మందగిస్తుంది. పోరుకూ పరుగుకూ తయారీ ఒక్కటే. కాళ్లు ముందుకు పడతాయా వెనక్కి పడతాయా అన్నది ఆ తర్వాతి సంగతి. వెనక్కి పడ్డ కాళ్లను పిరికితనమని తిట్టేవాళ్లు, ముందుకు పడ్డ కాళ్లలోనూ అదే భయం ఉందన్న సంగతి మరచిపోతారు.

చరిత్రలోకి వస్తే, ఉదయగిరి కొండే మంచి సాక్షి. సముద్రమట్టానికి మూడు వేల అడుగుల పైన ఉన్న ఈ కొండ కోట 1513 నాటికి గజపతుల చేతిలో ఉంది. కృష్ణదేవరాయలు ముట్టడించాడు. కోటలోపలివాళ్లు పారిపోలేదు, లొంగలేదు. పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాసిన ప్రకారం లోపల పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు ఉన్నాయి, ముట్టడి ఏడాదిన్నర సాగింది. రాళ్లు కొట్టి దారులు వేస్తే గాని సైన్యం పైకెక్కలేకపోయింది. 1514లో కోట పడింది. ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రౌతరాయడు పట్టుబడ్డాడు. రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, 1515లో గుడి కట్టించి నిలిపాడు. ఆ విగ్రహం దెబ్బతిని ఇవాళ చెన్నై మ్యూజియంలో ఉంది. ఏడాదిన్నర కదలకుండా నిలబడ్డ సిపాయిలలో ఒక్కడి పేరూ మనకు మిగలలేదు. నిలబడ్డవాడికి కీర్తి దక్కుతుందన్న మాట కూడా అందరికీ వర్తించదు.

అర్ధశతాబ్దం తర్వాత, 1565 జనవరిలో రక్కసతంగడి యుద్ధం. అళియ రామరాయలు నిలబడి తల పోగొట్టుకున్నాడు. తమ్ముడు తిరుమల దేవరాయలు వెనుదిరిగి, హంపి చేరి, ఖజానాను ఏనుగులకెత్తించి పెనుకొండకు పోయాడు. హంపి జనాన్ని శత్రువుకు వదిలేసి పోయాడన్న నింద అతని మీద ఉంది, అది న్యాయమైన నిందే. అయినా రాజ్యం పెనుకొండలో, చంద్రగిరిలో, వేలూరులో మరో నూరేళ్లకు దగ్గరగా బతికింది ఆ పరుగు వల్లే. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమల రాయలకే. మన ప్రబంధాల్లో మేటి ఒకటి, రణరంగం వదిలి వచ్చిన రాజు చేతిలో పడింది.

బొబ్బిలి కథ తెలియని తెలుగువాళ్లు లేరు. 1757 జనవరి 24న కోటలో ఆడవాళ్లనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకుని మగవాళ్లు పోరాడి చచ్చారు. కోట అంతా పాటలకెక్కింది. రాజు రంగారావు పసికొడుకు మాత్రం ఆ మారణకాండ నుంచి బతికి బయటపడ్డాడు. తర్వాత బొబ్బిలి సంస్థానం నిలిచింది ఆ పిల్లవాడితోనే. అతన్ని దాచి తెచ్చిన చేతులు కూడా వీరుల చేతులే అని నేనంటాను. ఆ పని చెయ్యడానికి కత్తి దూయడం కంటే తక్కువ గుండె సరిపోదు.

కొండలు, అడవులు ఉన్న చోట పోరాటానికి పరుగే పద్ధతి. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నల్లమలలోకి జారుకుంటూ నెలల పాటు కంపెనీ సైన్యాన్ని తిప్పాడు. 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసి, జనం భయపడాలని అతని తలను కోటకు వేలాడదీశారు. 1922 ఆగస్టులో చింతపల్లి ఠాణాతో మొదలుపెట్టిన అల్లూరి సీతారామరాజు దాదాపు రెండేళ్లు కొట్టడం, కనుమరుగవడం, మళ్లీ కొట్టడంగానే నడిపాడు. ఈ ఇద్దరినీ ఎవరూ పారిపోయినవాళ్లనలేదు.

పోరు ఎప్పుడు ఆపాలన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. దాన్ని నిజాయితీగా ఎదుర్కొన్న వాళ్లలో నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించారు. విరమణ సరైనదా కాదా, ముందే చేయవలసిందా అన్న వాదన పార్టీని ఏళ్ల తరబడి కుదిపింది. సుందరయ్య ఆ అనుభవమంతా 1972లో వెలువడిన పెద్ద గ్రంథంలో గుణపాఠాలతో సహా రాశారు. వెనక్కి తగ్గిన నిర్ణయాన్ని దాచకుండా, కారణాలు చెప్పి, తప్పొప్పులు లెక్కగట్టి జనం ముందు పెట్టడం మన రాజకీయాల్లో అరుదు. ఆ పుస్తకం పోరాట ఘట్టాల కోసం చదివేవాళ్లే ఎక్కువ. విరమణ మీద ఆయన రాసిన పుటల్ని కూడా అంతే శ్రద్ధగా చదవాలి.

ఆధునిక సాహిత్యం ఈ తూకాన్ని కదిలించింది ఇంటి లోపల. చలం 1927లో మైదానం రాసేనాటికి, మొగుణ్ణి వదిలి ఇంకొకడితో పోయిన ఆడదానికి ఊళ్లో పేరొకటే ఉండేది. రాజేశ్వరి చేత ఆ కథను తన నోటితో చెప్పించడమే ఆ నవల చేసిన పెద్ద పని. అరవై ఏళ్ల తర్వాత ఓల్గా స్వేచ్ఛలో అరుణ ఇల్లు దాటింది. ఆమె వెనక ఇంకొక మగవాడు లేడు, ముందు చెయ్యవలసిన పని ఉంది. మగవాళ్ల పలాయనాన్ని గోపీచంద్ అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు ద్వారా లోతుగా చూపాడు. అతను వదిలిపోవాలనుకున్నది ఊరిని కాదు, తన బతుకునే. మంచి నవలలే ఇవి. మెట్ట ఊళ్లలో కూలికి పోయే ఆడమనిషి మాత్రం వీటిలో దేనిలోనూ లేదు. ఆమె కథ పుస్తకంలో కాక వీధిలో నడిచింది.

దాని దగ్గరికి వెళ్లేముందు, పారిపోవడమే నేరమైన మనుషుల మాట చెప్పాలి. నెల్లూరు సీమలో యానాదులు, ఎరుకలు తెల్లదొరల నేరజాతుల చట్టం కింద దశాబ్దాలు గడిపారు. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప అలాంటి సెటిల్మెంటే. హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు, దాటితే జైలు. వెన్నెలకంటి రాఘవయ్య గారు జీవితమంతా యానాదుల కోసం పనిచేశారు. దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు నాటికి పోయింది. చట్టం పోయినా అప్పు పోలేదు. తోటల దగ్గరా చెరువుల దగ్గరా కాపలాకు పెట్టి, ముందిచ్చిన డబ్బు తీరేదాకా కదలనివ్వని పద్ధతి, వెట్టిచాకిరీని నిషేధించిన 1976 చట్టం తర్వాత కూడా చాలా చోట్ల సాగింది. రాత్రికి రాత్రి పిల్లాపాపలతో అలాంటి చోటు వదిలిపోయిన కుటుంబాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. గోడ దాటడం కూడా తిరుగుబాటే, అది ఒక్కటే సాధ్యమైన చోట.

దూబగుంట సంగతి ఇప్పుడు. కలిగిరి మండలంలోని ఈ ఊరు ఉదయగిరి ప్రాంతపు మెట్ట ఊళ్లకు అసలైన ప్రతినిధి. మగవాళ్ల కూలిడబ్బు సారా కొట్టుకు పోయేది. తాగివచ్చి కొడితే ఆడవాళ్లకు ఉన్న దారి ఒకటే: పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోవడం. పుట్టింటివాళ్లు నాలుగు రోజులు ఉంచుకుని, నచ్చజెప్పి తిరిగి పంపేవారు. ఎన్నిసార్లు పోయినా తిరిగి అదే గడప. ఒంటరి పరుగు అంతకంటే దూరం పోలేదు.

1990ల మొదట్లో అక్షరజ్యోతి కింద రాత్రిబడులు వచ్చాయి. ఆడవాళ్లు పలక పట్టారు. పాఠంలో సీతమ్మ కథ ఉంది, ఆడవాళ్లు ఏకమైతే అన్న పాఠం ఉంది. అక్షరాల కంటే ముందు జరిగిన సంగతి, సాయంత్రం పూట ఊరి ఆడవాళ్లంతా ఒకచోట కూర్చోవడం. ఎవరి ఇంటి గోడు వాళ్ల ఇంట్లోనే ఉండిపోయే రోజులు పోయి, అందరి గోడూ ఒక్కటేనని తెలిసింది. కలిసి సారా కొట్టు మీదికి వెళ్లారు, మూయించారు. రోశమ్మ ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకున్నంతగా దూబగుంట రోశమ్మ అయింది. 1992లో ఇది జిల్లా అంతా అంటుకుంది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు, పలుమార్లు వాయిదా పడ్డాయి. పత్రికలు రోజూ పేజీలు కేటాయించాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది, అక్టోబరు 1న రాష్ట్రమంతటా. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం అమలు చేశారు. 1997లో దాన్ని ఎత్తేశారు. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

కాలిఫోర్నియాలో షెల్లీ టేలర్ బృందం 2000లో ఒక ప్రతిపాదన చేసింది. ఆపదలో పోరు, పరుగు అన్న రెండే దారులని కానన్ కాలం నుంచి చెబుతున్నారు, ఆ ప్రయోగాలు చాలావరకు మగ జీవుల మీద జరిగినవి. ఆడవాళ్లు ఆపద వేళ పిల్లల్ని పొదువుకుని, తోటి ఆడవాళ్లతో జట్టు కడతారు అని. శాస్త్రంగా దాని మీద వాదాలు ఉండొచ్చు. దూబగుంట చూసినవాళ్లకు అది కొత్త మాటగా తోచదు. చానమ్మ తన మొగుడికి పసుపు ముద్ద పెట్టి సిగ్గుపరిచింది. ఆమె సీమకే చెందిన మునిమనవరాళ్లు ఆ పసుపు ముద్దను పక్కనబెట్టి, తమ మొగుళ్లు తాగే కొట్టును మూయించారు. ఆడతనాన్ని అవమానానికి గుర్తుగా వాడిన సీమలో ఆడవాళ్లు గెలిచిన పోరు ఇది. నా లెక్కలో పంచలింగాల కంటే దూబగుంట పెద్ద యుద్ధం.

చివరికి సోమశిల. పెన్న కొండలు దాటి మైదానంలోకి దిగే చోట, అనంతసాగరం మండలంలో, 78 టీఎంసీల జలాశయం. కింద నెల్లూరు డెల్టాకు అది అన్నం. కండలేరు మీదుగా చెన్నైకి తాగునీరు. పైన కడప జిల్లాలో అట్లూరు, గోపవరం, ఒంటిమిట్ట, నందలూరు వైపు ఊళ్లు మునిగాయి. నిర్వాసితులు అన్నది కాగితం మీది పేరు. వాళ్లు పారిపోలేదు, పోరాడి ఓడలేదు, నీళ్లు వస్తాయని చెబితే లేచి పోయారు. నష్టపరిహారం కోసం కచేరీల చుట్టూ తిరిగిన ఏళ్లు వాళ్ల యుద్ధం. దాన్ని ఏ కొమ్ము కథా పాడలేదు.

డ్యాముకు ఉత్తరాన ఉదయగిరి, వరికుంటపాడు, దుత్తలూరు, సీతారామపురం మెట్టల్లో వానే దిక్కు, బోరు నీళ్లలో ఫ్లోరైడు. పొలం అమ్మి, లేదా బీడు వదిలి, చెన్నైకో బెంగళూరుకో హైదరాబాదుకో కువైట్‌కో పోయిన ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. సోమశిల నీళ్లు కాలువ వెంట చెన్నై పోతాయి, నీళ్లు అందని ఊళ్ల మనుషులు బస్సెక్కి అదే చెన్నై పోతారు. కాటమరాజు మంద కదిలిన కారణమే ఇవాళ వీళ్లనూ కదిలిస్తోంది. ఊరు వదిలిపోయాడన్న మాటలో ఇంకా ఒక చిన్నచూపు వినబడుతుంది. ఆ చిన్నచూపు అన్యాయం. పోయినవాళ్లు పంపిన డబ్బుతోనే ఈ ఊళ్లలో మిగిలినవాళ్ల బోర్లు, చదువులు, పెళ్లిళ్లు నడిచాయి.

2021 నవంబరు 19న ఎగువన చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట దగ్గర మందపల్లి, పులపుత్తూరు మీద ఏరు పడింది. పరుగెత్తే వ్యవధి కొందరికి దొరికింది, కొందరికి దొరకలేదు. ఆ వరద సోమశిలకు చేరి, గేట్లన్నీ ఎత్తితే దిగువన పెన్న ఒడ్డు ఊళ్లు మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలుపట్టాలు కొట్టుకుపోయాయి. అలాంటి వేళ నిలబడటం వీరత్వం కాదు. సమయానికి తప్పుకోమని చెప్పగల వ్యవస్థ ఉండటమే కావాలి. పోరాడమని చెప్పే పాఠాలు మనకు బోలెడున్నాయి, ఎప్పుడు ఎటు పరుగెత్తాలో చెప్పే పాఠం ఒక్కటీ లేదు. డ్యాముల కింద బతికే ఊళ్లకు అది నేర్పవలసిన బాధ్యత ప్రభుత్వానిది.

ఆత్మకూరు, ఉదయగిరి, కలిగిరి కళాశాలల్లో తెలుగు, చరిత్ర చెప్పే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. కాటమరాజు కథ తెలిసిన కొమ్ములవాళ్లను, ముంపు ఊళ్ల నుంచి లేచివచ్చిన పెద్దలను, 1992లో సారా కొట్ల ముందు కూర్చున్న ఆడవాళ్లను మీ విద్యార్థుల చేత పలకరింపజేయండి. వాళ్ల మాటలు వాళ్ల గొంతులోనే రికార్డు చేయించండి. ఆనాడు ముప్పై ఏళ్లున్న ఆడమనిషికి ఇప్పుడు అరవై దాటాయి.